పొడి పక్కలు

ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు మంచాన పడితే మా బంధువులు నాకు కబురు పెడతారు. నిజామాబాదులో ఏ నర్సింగ్ హోం మంచిదో, ఎక్కడ పెడితే మనిషిని మనిషిలా చూస్తారో నాకే తెలుసని వాళ్ల నమ్మకం. ఈ పేరు మా అన్న పుణ్యమా అని వచ్చింది. వద్దంటే వినరు, అందుకని వెళ్తాను. గోడకు తగిలించిన డాక్టరు పట్టాల వైపు చూడను. మంచాలు లెక్కపెట్టను. నేరుగా పెరట్లోకి వెళ్లి బట్టలారేసే తీగలు చూసి వస్తాను. నా వెనక వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. పెద్దామెకు చాదస్తం ముదిరిందనుకుంటారేమో, అనుకోనీ. ఆ తీగల సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వయసు మీద పడింది. చెప్పడానికే కాదు, దాచుకోవడానికి కూడా ఇప్పుడు ఓపిక లేదు.

మా పుట్టిల్లు ఆర్మూరు వైపు పసుపు పండించే ఊరు. నన్ను బోధన్‌కు ఇచ్చారు. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండే పెనాల దగ్గర పనిచేసేవాడు. నేను ప్రాథమిక పాఠశాలలో టీచరును. అరవైలు ముగిసి డెబ్బైలు మొదలైన రోజులవి. మా క్వార్టరు రెండు గదులు. అందులో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, చూపు సరిగా ఆనని మా మామ. క్రషింగ్ నడిచే నెలల్లో మా ఆయన ఏ పూట పనికి పోతాడో, ఏ పూట ఇంట్లో పడుకుంటాడో గోడకు అతికించిన షిఫ్టు కాగితం చూస్తే తప్ప నాకే తెలిసేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవ్వ పడింది. అవ్వ అంటే మా అమ్మ. నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం. కడాయి చుట్టూ నేలంతా నీళ్లూ బురదా. ఎవరు చెప్పినా వినకుండా ఆ వయసులో బుట్ట ఎత్తబోయి కాలు జారింది. తుంటి ఎముక విరిగింది.

నిజామాబాదు పెద్ద దవాఖానలో డాక్టరు ఓపికగా చూశాడు. కాలికి పట్టీలు చుట్టి, తాడు కట్టి, మంచం కొసన గిలక మీదుగా రెండు ఇటుకలు వేలాడదీశాడు. ఇట్లాగే రెండు రెండున్నర నెలలు కదలకుండా పడుకుంటే ఎముక ఎంతోకొంత అతుకుతుందన్నాడు. అన్ని రోజులు ఒక మంచం ఒకరికే అట్టిపెట్టడం తమవల్ల కాదనీ, తాను వచ్చి చూసిపోతాననీ, ఊళ్లోనే ఎక్కడైనా మంచి జాగా చూసుకొమ్మనీ చెప్పాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. వరండాలో కూడా మనుషులు పడుకొని ఉన్నారు.

ఊరికి తీసుకుపోదామంటే వదినకు నెలలు నిండుతున్నాయి, అన్నకు పసుపు కల్లం మీద ఉంది. బోధన్ తెద్దామంటే మా ఇంట్లో మంచం పట్టదు. ఆ దవాఖాన మెట్ల మీద కూర్చొని అన్న నాతో అన్నాడు. "నాకేం తెల్వదు చెల్లె. నీకు సదువున్నది, నలుగురితోని మాట్లాడస్తది. నువ్వే సూసి ఏరు. నువ్వెక్కడంటే గక్కడ."

ఆ మాటకు నాకు కొంచెం గర్వమే కలిగిందని ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో ఏరడం చిన్న పని కాదు. తవ్వకం అయ్యాక కొమ్ములు వేరు, గడ్డలు వేరు, విత్తనానికి వేరు చేసి ఏరేది అవ్వ. ఆమె ఏరినదాన్ని బాపు మళ్లీ ముట్టుకునేవాడు కాదు. ఇప్పుడు అవ్వ కోసం ఏరే పని నాకు వచ్చింది.

పట్టణంలో అప్పట్లో పడక రోగులను నెలల తరబడి ఉంచుకునే ప్రైవేటు చోట్లు చాలా తక్కువ. వాకబు చేస్తే రెండు తేలాయి. బడికి రెండు రోజులు సెలవు పెట్టి రెండూ చూశాను.

మొదట వెళ్లింది రైలు గేటు అవతల పెంకుటింటికి. పెద్ద దవాఖానలో చేసి రిటైరైన ఒక నర్సమ్మ తన ఇంట్లోనే ఎనిమిది మంచాలు వేసి నడుపుతోంది. గేటు తీయగానే బట్టల తీగలు. వాకిలి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడి దుప్పట్లు, పాత చీరల ముక్కలు, గోనెలు. వంగి పోబోతే ఒక తడిగుడ్డ నా చెంపకు తగిలింది. ఒంటికి పురుగు పాకినట్టయింది. పెరట్లో రోగుల తాలూకు ఆడవాళ్లు మూడు రాళ్ల మీద పప్పు వండుతున్నారు. పొగ, సబ్బు నీళ్లు, మూత్రం వాసన. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

నర్సమ్మ చేతుల నుంచి నీళ్లు కారుతుండగా బయటికి వచ్చింది. అరవై దాటినా పిడుగులా ఉంది. బోధన్‌లో టీచరునని చెప్పుకుంటే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గట్ల ముక్కు మూసుకుంటే కండ్లు సుత మూసుకపోతయి టీచరమ్మా, తీసి సూడు," అంది. నాకు ఒళ్లు మండింది. బస్సుకు టైమయిందని అబద్ధం చెప్పి వచ్చేశాను. లోపలి గదులు చూడనే లేదు.

రెండోది బస్టాండుకు దగ్గర. కొత్త డాబా, సున్నం వెల్ల, కిటికీలకు ఆకుపచ్చ తెరలు. దాన్ని నడిపే ఆమెను అందరూ అమ్మగారు అనేవారు. పన్నెండు మంచాల గది. దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ప్రతి మంచం తలవైపు స్టూలు, స్టూలు మీద నీళ్ల కూజా, దాని మీద బోర్లించిన గ్లాసు. చప్పుడు లేదు, ఫినాయిల్ తప్ప వాసన లేదు. గోడ మీద నియమాలు రాసి ఉన్నాయి. రోగి తాలూకు వాళ్లు ఉండరాదు, బయటి తిండి తేరాదు, ఆదివారం మూడు నుంచి ఐదు దాకా మాత్రమే చూడవచ్చు. నేను బడిపంతులమ్మను కదా, నియమాలు వరుసగా గోడకెక్కి కనిపిస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది.

అయినా ఊరికే నమ్మలేదు. నేను పసుపు ఇంటి పిల్లను. గంజ్ బజారులో పసుపు కొనేవాళ్లు సంచీలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల తడి ఉందేమో చూడటం నేను చిన్నప్పటి నుంచి చూసినదే. పైన ఎంత ఎండినా లోపల చెమ్మ తగిలిందంటే సరుకు ధర పడినట్టే. మా ఇంట్లో తడి అంటే నష్టం. మబ్బు పడితే అన్నం ముందు నుంచి లేచి కల్లానికి పరిగెత్తేవాళ్లం. పిల్లలం తడికాళ్లతో పసుపు దగ్గరికి వెళ్తే అవ్వ వీపు మీద ఒక్కటి వేసేది. అందుకని నేను ఒక ముసలామె మంచం దగ్గర ఆగి, ఆమె నడుము కింద, దుప్పటి అడుగున చెయ్యి దూర్చాను. పొడిగా ఉంది. ఇంకో మంచం చూశాను. అదీ పొడి. మూడోదీ పొడి. కదలలేని మనుషుల కింద పక్క అంత పొడిగా ఉందంటే ఎంత శ్రద్ధగా చూస్తున్నారో అనుకున్నాను. అమ్మగారు నా చెయ్యి వంకే చూసి చిన్నగా నవ్వింది. "అందరూ అదే చూస్తారు," అంది.

అవ్వను అక్కడ చేర్పించాం. అన్న కూడా పక్క కింద చెయ్యి పెట్టి చూసి, "మంచిగ ఏరినవు చెల్లె," అన్నాడు. అవ్వ కప్పు వైపు చూస్తూ పడుకొని ఉంది. ఆమె పుట్టాక గచ్చు గదిలో పడుకోవడం అదే మొదటిసారి. వచ్చేముందు నేను వంగి, "చూడు అవ్వా, పక్కలు ఎంత తెల్లగ ఉన్నయో, ఎంత పొడిగ ఉన్నయో," అన్నాను. "అవు బిడ్డా," అంది.

ఆ తరువాతి ఆదివారాలన్నీ నాకు ఒక్కటిగానే గుర్తున్నాయి. పొద్దున్నే మామకు, పిల్లలకు వండి పెట్టి, పన్నెండున్నర బస్సు పట్టుకోవడం. రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీకి వచ్చే చెరకు బండ్ల బారులు. వర్ని నుంచి, కోటగిరి నుంచి వచ్చినవి. వాటిని తప్పించుకుంటూ బస్సు నడిచే మనిషి కంటే మెల్లగా పోయేది. నిలబడి నిలబడి కాళ్లు పీకేవి. మూడింటికి అవ్వ పక్కన కూర్చోగానే నాకు కునుకు వచ్చేది. నిజం చెప్తున్నాను, దాదాపు ప్రతి ఆదివారం నేను ఆమెను చూడటానికి వెళ్లి ఆమె పక్కన కూర్చొని తూగాను. నిద్రపోతున్న నా తల మీద చెయ్యి వేసి ఆమే నన్ను చూసేది.

"మంచిగ సూస్తున్నరా అవ్వా?" అని అడిగేదాన్ని.

"మంచిగనే సూస్తున్నరు. నాకేమాయె, నువ్వే చిక్కిపోయినవు," అనేది.

రెండో ఆదివారం కూజాలో నీళ్లు వంచి ఇస్తే గటగటా తాగి ఇంకో గ్లాసు అడిగింది. అది సగం తాగుతుండగా గుమ్మం దగ్గర ఆయా దగ్గింది. అవ్వ అటు చూసి గ్లాసు కింద పెట్టేసింది. ఆ దగ్గును నేను విన్నాను. విని, ఈ చోట ఎంత క్రమశిక్షణో అనుకున్నాను.

మూడో ఆదివారం నేను లేచి వస్తుంటే, "జెర గా తువాల తడిపి నా చేతులకిచ్చి పో," అని అడిగింది. ఎండలు ముదురుతున్నాయి, ముఖం తుడుచుకోవడానికేమో అనుకున్నాను. తడిపి, పిండబోయాను. "పిండకు, గట్లనే ఇయ్యి," అంది. కారుతున్న తువాలును పక్క తడవకుండా రొమ్ము మీద జాగ్రత్తగా పెట్టుకుంది.

పెదవులు పగిలి నెత్తుటి చార కనిపిస్తే, తరువాతి వారం చిన్న డబ్బాలో వెన్న తీసుకెళ్లి రాశాను. పక్క మంచం మీద దెగ్లూరు వైపు నుంచి వచ్చిన మరాఠీ ముసలమ్మ ఉండేది. నేను వెన్న రాయడం చూసి ఆమె తల అటు తిప్పుకుంది. నేను బయటిదాన్ని, ఆమె భాష నాకు అంతంత మాత్రం. పలకరించలేదు.

మార్చి నెల సగం దాటాక ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒక బుధవారం బడి వదిలాక, ఇంటికి పోకుండా అదే చీరతో నిజామాబాదు బస్సెక్కాను. ప్రత్యేకంగా అనుమానం వచ్చి కాదు. ఆదివారం దాకా ఆగితే మళ్లీ ఆ రద్దీలో నిలబడాలని భయం వేసింది, అంతే. నియమం ఒప్పుకోకపోతే గుమ్మం నుంచే చూసి వద్దామనుకున్నాను. రెండున్నర వేళ. వాచ్‌మన్ నీడలో నిద్రపోతున్నాడు. నేను లోపలికి వెళ్లాను.

వరండాలో గోడ వెంట కూజాలు బారుగా బోర్లించి ఉన్నాయి. పన్నెండు. కడిగి పెట్టారేమో అనుకొని ఒకటి ముట్టుకున్నాను. లోపల చుక్క చెమ్మ లేదు, ఎండిపోయి ఉంది. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

గదిలో మంచాల తలవైపు స్టూళ్లు ఉన్నాయి, వాటి మీద ఏమీ లేదు. అవ్వ కళ్లు మూసుకొని ఉంది. దవడ మెల్లగా కదులుతోంది. తమలపాకు ఎవరిచ్చారబ్బా అనుకుంటూ దగ్గరికి వెళ్లాను. ఆమె నోట్లో ఉన్నది తువాలు కొస. పొద్దున ఒళ్లు తుడిచిన తడి తువాలు. దాన్ని చప్పరిస్తోంది.

"అవ్వా," అన్నాను. కళ్లు తెరిచి నన్ను చూసి, గబుక్కున ఆ గుడ్డను నోట్లోంచి లాగి మెడ కిందికి తోసేసింది. బడిలో బలపం తింటూ దొరికిపోయిన పిల్లల ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మా అవ్వ ముఖం అట్లా ఉండటం నేను చూశాను. ఆ ముఖాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను.

బయటికి వచ్చి ఆయాను పట్టుకున్నాను. అరిచాను కూడా. ఆమె ఎదురు అరవలేదు. చీపురు పక్కన పెట్టి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది. నాకంటే ఎక్కువ అలిసిపోయి ఉంది.

"నన్నెందుకు తిడుతవమ్మా? పన్నెండు మంచాలకు నేనొక్కదాన్ని. పొద్దుగాల ఒక గిలాస, బువ్వతోని ఒక గిలాస. అంతకన్న ఎక్కువిస్తె పక్క పచ్చిగైతది. పక్క పచ్చిగుంటె అమ్మగారు నన్ను పనిల ఉంచదు. సూడొచ్చినోళ్లంత పక్క కింద చెయ్యి పెట్టే సూస్తరు," అని చీపురు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నువ్వు సుత పెట్టి సూసినవు గద."

నేను ఏ మాట అనబోయినా ముందు నా చెయ్యే నాకు గుర్తొచ్చింది.

అమ్మగారి గదికి వెళ్లాను. ఆమె కోపగించుకోలేదు. కూర్చోమంది. ముసలివాళ్లకు నీళ్లెక్కువైతే పక్క తడిసి పుండ్లు పడతాయనీ, అందుకే కొలిచి ఇస్తామనీ నిదానంగా చెప్పింది. "మా దగ్గర ఒక్క తడిసిన పక్క చూపించండి," అంది. ఆమె ఆ మాటను నిజంగానే నమ్మి చెప్పింది. ఆమెతో ఏం కొట్లాడతాను? ఆమె చూపిస్తున్నదానికి మెచ్చి మా అవ్వను తెచ్చి ఇచ్చింది నేనే. రేపు తీసుకుపోతానని మాత్రం చెప్పాను. లోపలికి వెళ్లి, అమ్మగారు చూస్తుండగానే కూజా తిరగేసి, కడిగి, నింపి, అవ్వకు తాగించాను. మరాఠీ ముసలమ్మ చెయ్యి చాపింది. ఆమెకూ తాగించాను. తరువాత మిగతా మంచాలకు. ఆయా చూస్తూ నిలబడింది, ఈసారి దగ్గలేదు.

అక్కడి నుంచి నడుచుకుంటూ రైలు గేటు దాటాను. తీగల మీద అవే గుడ్డలు. వంగాను. తడి అంచు చెంపకు తగిలింది, తుడుచుకోలేదు. నర్సమ్మ బావి దగ్గర దుప్పటి పిండుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఏంది, ఇయ్యాల ముక్కు మంచిగనే ఉన్నదా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం పిండాం. అప్పుడే మొత్తం చెప్పాను. విని, "మంచమున్నది. కని నేనొక్కదాన్నయితె నాతోని కాదు. ఉతికెటోళ్లు ఒకరు కావాలె. నీకస్తదా?" అంది. వస్తుందన్నాను.

మర్నాడు బడికి సెలవు చీటీ పంపి మళ్లీ వెళ్లాను. అన్నకు కబురు చేసే వ్యవధి లేదు. గంజ్‌లో హమాలీలకు బాపు తెలుసు. ఆయన పేరు చెప్పగానే నలుగురు వచ్చారు. నర్సమ్మ తనే వచ్చి ఇటుకలు విప్పి, కాలికి రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి కట్టింది. హమాలీలు నులకమంచాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. బస్టాండు ముందు నుంచి, కిరాణా దుకాణాల మధ్య నుంచి, ఎండలో పోతుంటే జనం పక్కకు తప్పుకొని దణ్ణం పెట్టారు, పోయిన మనిషనుకొని. అవ్వ కొంగు తొలగించి వాళ్ల వైపు చూసింది. హమాలీ ఒకడు నవ్వాడు. నేను మంచం పట్టె పట్టుకొని పక్కనే నడిచాను.

"మొదటి దినమే నాకెందుకు చెప్పలేదవ్వా?" అని అడిగాను. కోపంగానే అడిగాను. నా తప్పుకు ఆమె మీద కోపం.

అవ్వ మెల్లగా అంది. "నువ్వు సూసి సూసి ఏరితివి బిడ్డా. సెలవు వెట్టి, బస్సులల్ల నిలబడి నిలబడి. గది బాగలేదని నేనెట్లంట?"

ఆ పెంకుటింట్లో నర్సమ్మ ముందు అవ్వను ఒక పక్కకు ఒరిగించి చూసింది. నడుము కింద అరచేయంత మేర ఎర్రగా కమిలి ఉంది. తడి లేకుండానే పుండు పడబోతోంది. ఇన్నాళ్లూ ఎవరూ తిప్పి పడుకోబెట్టలేదట. నర్సమ్మ చెంబెడు నీళ్లు ఇచ్చింది. అవ్వ తాగింది. ఇంకో చెంబు ఇచ్చింది. అవ్వ నా వంక, తరువాత పక్క వంక చూసి జంకింది. "తాగు," అంది నర్సమ్మ. తాగింది.

గంట కూడా కాలేదు, పక్క తడిసిపోయింది. అవ్వ కొంగు ముఖం మీద కప్పుకొని భుజాలు కదిలేలా ఏడ్చింది. పసుపు పొల్లు కూడా తడవకుండా యాభై ఏళ్లు కాపాడిన మనిషి. నర్సమ్మ గోనె లాగేసి, కింద పాత చీర మార్చి, "పచ్చిగైతె ఏమాయె? బయట గింత ఎండ ఎందుకున్నది?" అంది. నేను ఆ గుడ్డలు తీసుకొని బావి దగ్గరికి పోయాను. ఉతికి తీగ మీద వేశాను. అరగంటలో ఆరిపోయాయి. అంతలో ఇంకో దుప్పటి వచ్చింది.

ఆ వారమంతా ఒంటిపూట బడి అయ్యాక రోజూ వెళ్లాను. చేతులు సున్నంలో పెట్టినట్టు పగిలాయి. మా ఆయన పిల్లలకు తనే వండి పెట్టాడు, రెండు రోజులు అన్నం మాడ్చాడు. నేను రాలేని పూటల్లో పెరట్లో వంట చేసే ఆడవాళ్లు అవ్వ గుడ్డలు కూడా ఉతికేవాళ్లు. వాళ్ల పప్పులోంచి ఒక గరిటె అవ్వకు వచ్చేది. అవ్వ అందరితో మాట్లాడేది. పెదవులు మానాయి.

పై వారం ఆదివారం అన్న వచ్చాడు. కల్లం పని సగంలో వదిలి వచ్చాడు, ఒళ్లంతా పసుపు. చోటు మార్చామని మాత్రమే అతనికి కబురు అందింది. తీగల కింద వంగి వస్తుంటే తడి దుప్పటి తలకు తగిలింది. విసుక్కుంటూ లోపలికి వచ్చాడు. మంచం దగ్గర ఆగి, అలవాటు కొద్దీ అవ్వ నడుము కింద చెయ్యి పెట్టాడు. చెమ్మ తగిలింది. ముఖం మారిపోయింది.

"ఏంది చెల్లె గిది? గంత మంచి జాగ, గంత పొడి జాగ ఇడిసిపెట్టి, గీ చాకిరేవుకు తెచ్చినవా అవ్వను? ఎవలు చెప్పిండ్రు నీకు?"

నేను నోరు తెరిచాను. చెప్పాలనే తెరిచాను. కూజాలు, తువాలు, ఆయా అన్న మాట, అన్నీ నాలుక మీదే ఉన్నాయి. అతని చెయ్యి ఇంకా ఆ పక్క కిందే ఉంది.

అవ్వ నాకంటే ముందు మాట్లాడింది. "దాన్ని ఏమనకు కొడుకా. నేనే పోరు వెట్టిన. గక్కడ మాట్లాడెటోళ్లు లేరు, నాకు తోస్తలేకుండె. అది వద్దన్నది. నేనే ఏడిసి తెప్పిచ్చుకున్న."

అన్న చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. కాసేపు చూసి నవ్వేశాడు. "నీది మొండిపట్టే అవ్వా. మంచిది నీకెన్నడు నచ్చింది?" అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. నేను నోరు మూసుకున్నాను. నీళ్లు తెచ్చే నెపంతో బావి దగ్గరికి వెళ్లాను.

అవ్వ వానలు పడే వేళకు లేచింది. ఒక కాలు కురచ అయింది, కర్ర పట్టుకొని నడిచేది. ఇంకా ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లలో ఇంట్లో ఏ పెళ్లయినా, ఏ పురుడయినా, నలుగురు కూర్చుంటే చాలు, అన్న ఆ కథ ఎత్తుకునేవాడు. "మా చెల్లె నిజామాబాదంత తిరిగి మస్తు దవాఖాన ఏరింది. పక్కలు సూస్తె దూది తీరుగుండె. మా అవ్వ నెల ఉండలేకపాయె." అందరూ నవ్వేవాళ్లు. అవ్వ కర్రతో అన్నను బెదిరించేది. నేనూ నవ్వేదాన్ని. అట్లా నాకు పేరు వచ్చింది.

మేమిద్దరమే ఉన్నప్పుడైనా ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. నేను ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

అవ్వ పోయాక పదో రోజు, వాకిట్లో బంధువులు బంతిగా కూర్చొని తింటున్నారు. ఎవరో అడిగితే అన్న ఆ కథ మళ్లీ చెప్పాడు. ఎప్పటిలాగే, దూది లాంటి పక్కల దగ్గర ఆగి, మా అవ్వ మొండితనం దగ్గర నవ్వి, అక్కడే ఏడ్చేశాడు. నేను చెంబు పట్టుకొని బంతిలో నీళ్లు పోస్తున్నాను. అంతా విన్నాను. పక్క మనిషి గ్లాసు ఖాళీగా ఉంది. అందులో పోశాను.